నేల నంటిన బాస

మన తెలుగునాట దేవాలయ ప్రాకారములపైనను రాగిరేకులపైనను చెక్కింపబడిన భూదాన శాసనములను తిరుగవేసినవారికి ఒక విశేషము తప్పక గోచరించును. దాత యెవరు, ప్రతిగ్రహీత యెవరు, నాలుగు దిక్కుల పొలిమేరలేవి యన్న వివరములు ముగిసిన పిమ్మట, ఆ దానము ఆచంద్రతారార్కము చెల్లవలెనని పలికి, దానిని హరించినవాడు 60,000 ఏండ్లు మలమునందు క్రిమియై పడియుండునని శపించి గాని శాసనకర్త ఊరకుండడు. ఇది మూఢవిశ్వాసమని నవ్వువారు కలరు. నాకు మాత్రము అది న్యాయశాస్త్రములోని ఒక కఠిన సమస్యకు పూర్వులు తమ చేతనైనంతలో చేసికొన్న పరిష్కారముగా తోచును. బ్రతికియున్నవాడు తన మాటకు తాను కట్టుబడవచ్చును. ఇంకను పుట్టని వారసుని, ఊరును పేరును తెలియని రేపటి కొనుగోలుదారుని ఆ మాటకు కట్టివేయుట ఎట్లు? ఆనాటి దాతలకు రిజిస్ట్రారు కచేరీ లేదు, ఈసీ తీయించు పద్ధతి లేదు. కావున నరకమును సాక్షిగా పిలిచిరి.

ఇంగ్లండు దేశమువారు ఇదే సమస్యతో రెండు శతాబ్దములకు పైగా పెనగులాడి, తుదకు 2021లో ఒక చట్టము చేసి, పొలములందలి పూలకును పురుగులకును పక్షులకును మేలు చేకూర్చు ఒడంబడికలను భూమికి అంటగట్టు విధానమును నెలకొల్పికొన్నారు. ఆ ఒడంబడికలు సామాన్యముగా 30 ఏండ్లవి. మన శాసనముల 60,000 ఏండ్ల ముందు ఇది ఏపాటి యనిపించును గాని, ఆ ముప్పదికై వారు పడిన పాట్ల చరిత్ర తెలిసికొనదగినది.

ఈ చరిత్ర అడవిలో గాని పొలములో గాని మొదలు కాలేదు. లండన్ నగరము నడిబొడ్డున, నేడు సినిమాహాళ్లకును జనసమ్మర్దమునకును ప్రసిద్ధమైన లెస్టర్ స్క్వేర్ అనుచోట మొదలయ్యెను. 1808లో చార్లెస్ అగస్టస్ టల్క్ అను భూస్వామి, ఆ చతురస్రము నడుమనున్న తోటను ఎల్మ్స్ అను నతనికి అమ్మి, చుట్టునున్న ఇండ్లలో కొన్నింటిని తన స్వాధీనముననే ఉంచుకొనెను. తోట పోయి దాని స్థానమున కట్టడములు లేచినచో తన ఇండ్లకు గాలియు వెలుతురును తగ్గుటయే గాక అద్దెలును తగ్గునని ఎరిగిన లౌక్యుడు గావున, కొనువాడును, వాని వారసులును, వానివద్ద కొనువారును ఆ స్థలమును తోటగానే ఉంచవలెననియు, చుట్టునున్న ఇనుప కమ్ములను బాగుచేయించుచుండవలెననియు, దానిపై ఎట్టి కట్టడమును లేపరాదనియు దస్తావేజులో వ్రాయించెను. ఆ తోట చేతులు మారి మారి ఎడ్వర్డ్ మాక్సే అను వానికి చేరెను. అతని క్రయపత్రములో ఈ నియమము లేదు. కాని పాత దస్తావేజులో ఉన్నదని అతనికి తెలియును. తెలిసియు, నేను వ్రాసి ఇచ్చిన మాట కాదు గదా యని, కట్టడమునకు సిద్ధపడెను. టల్క్ కోర్టు కెక్కెను.

1848 డిసెంబరులో లార్డ్ ఛాన్సలర్ కాటెన్‌హామ్ ఇచ్చిన తీర్పు చిన్నదే యైనను, ఆంగ్ల భూన్యాయమున దానికి మించిన ప్రభావము గల తీర్పులు అరుదు. నియమము గల భూమి గనుకనే తక్కువ వెలకు దొరకినదానిని, నియమము తెలిసియు కొని, మరునాడే నియమము లేనిదానివలె ఎక్కువ వెలకు అమ్ముకొనుట ధర్మము కాదని ఆయన భావము. మాట ఇచ్చినవాడు తప్పుకొన్నను మాట నేల నంటియుండును. ఆ నేలను తెలిసి కొన్నవాడు ఆ మాటను గూడ కొన్నట్లే. ఈ సూత్రము మనకు పరాయిది కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 40వ సెక్షనులో ఇది చేరి, మన జిల్లా కోర్టులలో సయితము నేటికిని వాదమునకు వచ్చుచున్నది.

ఇంతవరకు న్యాయవాదులందరు చెప్పుకొను కథ. వారు సామాన్యముగా చెప్పనిది అటుపైని కథ. మాక్సే ఓడిపోయినాడు, తోట మాత్రము గెలువలేదు. మూడేండ్లు తిరుగకమునుపే, 1851లో, జేమ్స్ వైల్డ్ అను పటముల వ్యాపారి టల్క్ కుటుంబముతో ఒక సర్దుబాటు చేసికొని, ఆ తోటలోననే ఆకాశము నంటు భూగోళాకారపు ప్రదర్శనశాలను కట్టించెను. అది 1862 వరకు ఉండి, కూల్చబడిన పిమ్మట ఆ స్థలము మట్టిదిబ్బలకును చెత్తకును నెలవయ్యెను. 1748లో అచట ప్రతిష్ఠింపబడిన మొదటి జార్జి రాజుగారి అశ్వవిగ్రహము అవయవములు విరిగి ఒరిగియుండగా, 1866లో ఒక రాత్రి ఎవరో కొంటెవాండ్రు గుఱ్ఱమునకు చుక్కలు పెట్టి, రాజుగారికి కాగితపు టోపీ తొడిగి, చేతికి చీపురుకఱ్ఱ నిచ్చి పోయిరి. కట్టరాదన్న నియమము పూర్తిగా వమ్ము కాలేదు; బాగుచేయవలెనన్న నియమము మాత్రము ఎవ్వరి మెడకును చుట్టుకొనలేదు. కడకు 1874లో ఆల్బర్ట్ గ్రాంట్ అను ధనికుడు, కంపెనీలు పెట్టి పెట్టుబడిదారులను ముంచినాడని అపకీర్తి గాంచినవాడు, ఆ స్థలమును కొని, తోటగా తీర్చి, నడుమ షేక్స్పియరు విగ్రహమును నిలిపి, ప్రజలకు దానము చేసెను. న్యాయము కాపాడలేని తోటను ఒక మోసగాని కీర్తికాంక్ష కాపాడెను.

కట్టవద్దన్నచో కోర్టు ఆపగలదు. పెంచుమన్నచో పెంచుచున్నాడా లేదా యని ఏటేట చూచుట కోర్టు వలన కాదు. ఈ భేదమును న్యాయమూర్తులు 1881లో ఒక తీర్పునందును, 1885లో ఓల్డ్‌హామ్ పట్టణపు రోడ్డు మరమ్మత్తుల వ్యాజ్యమునందును మరింత గట్టిచేసి, ఒక పని చేయుదునన్న బాస కొన్నవానికి అంటదు, చేయనన్న బాస మాత్రమే అంటునని తేల్చివేసిరి. అదియైనను అందరికిని ఉపకరింపదని 1914 నాటి వ్యాజ్యమొకటి చాటినది. లండన్ కౌంటీ కౌన్సిలు ఒక ఇండ్ల వ్యాపారికి వీధి వేసికొనుటకు అనుమతి నిచ్చుచు, ఆ వీధి కొసనున్న స్థలమున కట్టడము కట్టరాదని మాట పుచ్చుకొన్నది. ఆతడు ఆ స్థలమును తన భార్య పేర వ్రాసెను. ఆమె అందు ఇండ్లు కట్టెను. కౌన్సిలు మొఱపెట్టుకొనగా కోర్టు, మీకు ప్రక్కన భూమి యేదైన ఉన్నదా యని అడిగెను. లేదు. లేనిచో ఈ నియమము వలన లాభపడు నేలయే లేదు గాన మీకు అడుగు హక్కు లేదని తీర్పు. ప్రజల మేలుకై మాట పుచ్చుకొన్నవారికి ప్రక్కన ఒక పెరడైనను లేకపోవుటచే ఆ మాట గాలిలో కలిసెను.

పక్షులకు పెరడు లేదు. సీతాకోకచిలుకలకు ప్రక్కింటి దస్తావేజు లేదు. కావున ప్రకృతిని కాపాడదలచినవారు తొలుత ఈ దారిని విడిచి, భూమిని తామే కొనుట మొదలిడిరి. 1895లో స్థాపింపబడిన నేషనల్ ట్రస్టు 1899లో కేంబ్రిడ్జి చేరువనున్న వికెన్ ఫెన్ అను చిత్తడినేలలో రెండెకరములు కొన్నది. 1907 నాటి చట్టముచే తన భూములను అన్యాక్రాంతము కాకుండ ప్రకటించు అధికారమును సంపాదించినది. అయినను దేశమంతయు కొనుటకు ఎవరికి శక్యము? అమ్ముటకు ఒప్పక, కాపాడుదునని మాట ఇచ్చుటకు మాత్రము ఒప్పుకొను భూస్వాములు పలువురుండుటచే, 1937లో పార్లమెంటు ఆ ట్రస్టు కొక్కదానికి ప్రత్యేకముగా, ప్రక్కన భూమి లేకున్నను ఉన్నట్లే భావించి, నిషేధ నియమములను అమలుపరచు హక్కు నిచ్చినది.

ఇంతలో ఇతర దేశములు ముందుకు సాగినవి. అమెరికాలో ఈజ్‌మెంటు పేర ఇట్టి ఒప్పందములు విస్తరించి, పన్ను రాయితీల ఆశచే కొన్నిచోట్ల వక్రమార్గములు కూడ పట్టినవి; ఆ కథ వేరు. స్కాట్లండు 2003లో తన చట్టము తాను చేసికొన్నది. నాకు మిక్కిలి హృద్యముగా తోచునది న్యూజీలాండు వారి పద్ధతి. అచట 1977లో రెండవ ఎలిజబెత్ రాణి పేర ఒక జాతీయ ట్రస్టు చట్టమువలన ఏర్పడగా, వైకాటో ప్రాంతపు రైతు గోర్డన్ స్టీఫెన్సన్, ఆ చట్టమునకై ఉద్యమించినవాడే, తన పొలములోని అడవితునకను 1979లో తొలి ఒడంబడిక క్రింద ఉంచెను. నేడు అట్టివి ఐదువేలకు పైబడినవి. వానిలో అత్యధికములు శాశ్వతములు. ట్రస్టు ప్రతినిధులు నియమిత కాలమున పొలమునకు వచ్చి, కంచె చూచి, కలుపు చూచి, రైతుతో టీ త్రాగి మాటలాడి పోవుదురు. ఈ రాకపోకలు లేనిచో ఆ ఐదువేల కాగితములకు లెస్టర్ స్క్వేర్ గతియే పట్టియుండునని నా నమ్మకము.

ఇంగ్లండు మాత్రము మరియొక త్రోవ త్రొక్కి, ఒక చేదు పాఠము నేర్చుకొన్నది. 1981 నాటి వన్యప్రాణి చట్టమున, ప్రత్యేక శాస్త్రీయ ప్రాముఖ్యము గల స్థలమును చెఱుపకుండ ఉండుటకు రైతుతో ఒప్పందము చేసికొని, చెఱిపియున్నచో వచ్చెడి లాభమును వానికి పరిహారముగా చెల్లింపవలెనని ఏర్పాటయ్యెను. చెడగొట్టెదనని బెదరించినవానికి సొమ్ము. తాతలనాటి నుండి చెడగొట్టక కాపాడినవానికి ఏమియు లేదు! ఆ రోజులలో ఐరోపా ఆర్థిక సంఘము గోధుమకు హెచ్చు ధర కట్టుచుండుటచే, నార్ఫోక్ మండలమున హాల్వర్‌గేట్ అను విశాలమైన తడి పచ్చికబయళ్లను ఎండగట్టి దున్నుటకు రైతులు పూనుకొనగా దేశమంతట గగ్గోలు పుట్టెను. 1985లో అచట ఒక ప్రయోగము చేయబడెను: దున్నననువానికి నష్టపరిహారము గాక, పశువులను మేపుచు పచ్చికను నిలుపువానికి ఎకరమునకు 50 పౌండ్లు. దండుగ కట్టుట పోయి కూలి యిచ్చుట వచ్చినది. రైతులు విరివిగా చేరిరి. నిషేధమునకు గాక పోషణకు ధనమిచ్చుట అను నీ చిన్న మార్పు తరువాతి వ్యవసాయ పరిరక్షణ పథకములకు పునాది యయ్యెను గాని, అవి యన్నియు కొన్నేండ్ల ఒప్పందములు. పొలము అమ్ముడుపోయినచో కొన్నవానిని అంటిపెట్టుకొను బాసలు కావు.

పట్టణ ప్రణాళికా చట్టము 1990లో 106వ సెక్షను క్రింద, కట్టడమునకు అనుమతి కోరువాడు స్థానిక కౌన్సిలుతో చేసికొను ఒప్పందము భూమిని అంటియుండునట్లు ఒక దారి యేర్పడియుండెను. అది కౌన్సిలుకు మాత్రమే తెఱచిన తలుపు. అందఱికిని ఉపకరించు తలుపు కావలెనని లా కమిషన్ 2014లో నివేదిక సమర్పించినది. ఏడేండ్లు అది బీరువాలో నిద్రించి, 2021 నవంబరు 9న రాజామోదము పొందిన పర్యావరణ చట్టములోని ఏడవ భాగముగా మేల్కొని, 2022 సెప్టెంబరు 30న అమలులోనికి వచ్చినది.

ఆ భాగమును చదువుచున్నప్పుడు, దానిని రచించినవారు పాత తీర్పుల నొక్కొక్కటిగా ముందుంచుకొని జవాబు వ్రాసినట్లు తోచును. భూయజమాని ఇది చేయననియు, ఇది చేసెదననియు రెండు విధముల బాసలును చేయవచ్చును. ఓల్డ్‌హామ్ రోడ్డు చిక్కు తీరెను. మాట పుచ్చుకొను సంస్థకు ప్రక్కన భూమి ఉండనక్కరలేదు. 1914 నాటి చిక్కు తీరెను. ఒడంబడిక స్థానిక భూభారముల రిజిస్టరులో నమోదగును గనుక, తెలియదని కొన్నవాడు తప్పించుకొనలేడు. అయితే ప్రతివారును మాట పుచ్చుకొనలేరు; మంత్రి చేత నియమింపబడిన బాధ్యతాసంస్థ మాత్రమే పుచ్చుకొనవలెను. అది కౌన్సిలు కావచ్చును, ధర్మసంస్థ కావచ్చును, సంరక్షణ కార్యము గల ప్రైవేటు కంపెనీయైనను కావచ్చును. ఒడంబడికకు సంరక్షణ ప్రయోజనమును, లోకహితమును ఉండవలెను. పరిస్థితులు మారినచో సవరించుటకును రద్దు చేయుటకును ప్రత్యేక ట్రిబ్యునలు కలదు. సంస్థ తన హోదా కోల్పోయినచో ఒడంబడిక అనాథ కాక మంత్రి సంరక్షణకు చేరును.

ఆ చట్టమే మరియొక భాగమున, ఇంగ్లండులో కట్టబడు ఇండ్లు, దుకాణములు మున్నగువాని వలన స్థలములోని జీవవైవిధ్యము తగ్గకుండుటయే గాక, మునుపటికంటె కనీసము 10 శాతము పెరుగవలెనని విధించినది. ఇది పెద్ద కట్టడములకు 2024 ఫిబ్రవరి 12న, చిన్నవానికి ఏప్రిల్ 2న అమలులోనికి వచ్చెను. పెరుగుట యెట్లు తెలియును? దానికొక లెక్క కలదు. భూమి విస్తీర్ణమును, ఆ ఆవాసపు విశిష్టతకు వేసిన మార్కులచేతను, దాని స్థితికి వేసిన మార్కులచేతను హెచ్చించి యూనిట్లు కట్టుదురు. హెక్టారు దుక్కినేలకు సామాన్యముగా 2 యూనిట్లు. అదే నేల మంచి స్థితిలోనున్న పూలపచ్చికగా మారినచో, కాలవిలంబమునకును అపాయమునకును కొంత కోత విధించిన పిదపను, అనేక రెట్లగును. కంచెపొదలకును ఏరులకును వేఱు లెక్కలు. ఒకదాని లాభముతో మరియొకదాని నష్టమును పూడ్చరాదు. తన స్థలమున పెంచలేనివాడు వేఱొక రైతు భూమిలో పెంచిన యూనిట్లను కొనవచ్చును. అదియు దొరకనిచో ప్రభుత్వమునుండి, కావలెనని హెచ్చుగా నిర్ణయించిన వెలకు క్రెడిట్లు కొనవలెను. 2024లో కనీసపు వెలయే క్రెడిట్ ఒకటికి 42,000 పౌండ్లు. రైతు అమ్మదలచిన భూమి 106వ సెక్షను ఒప్పందము చేతనో, సంరక్షణ ఒడంబడిక చేతనో 30 ఏండ్లకు కట్టుబడి, నేచురల్ ఇంగ్లండు నిర్వహించు రిజిస్టరులో ఎక్కవలెను. వానకోయిలయు పచ్చికయు బేరమునకు వచ్చినవని కొందఱు బాధపడుదురు. ఆ బాధలో నాకును కొంత పాలు కలదు. కాని వెల లేనిదానిని లోకము ఉచితముగా తవ్విపోసిన చరిత్ర మన చెఱువులను చూచినను తెలియును.

తొలి అనుభవములు ఏమి చెప్పుచున్నవి? విధి కాక స్వచ్ఛందముగా నున్నప్పుడు ఇది నడువదని 2012 నుండి 2014 వరకు ఆరు ప్రాంతములలో జరిగిన ప్రయోగమే తేల్చెను. పరిహారము కొనుటకు వచ్చిన కట్టడదారులు మిక్కిలి తక్కువ. చట్టమునకు ముందే ఈ నియమమును తమంత తాము చేపట్టిన ఆరు కౌన్సిళ్ల దస్తావేజులను పరిశీలించి 2021లో ప్రకటింపబడిన అధ్యయనమొకటి, కాగితముపై యూనిట్లు పెరుగుచుండగా నేలపై పచ్చని విస్తీర్ణము 34 శాతము తగ్గుచున్నదని చూపెను. ఉన్న పెద్ద బీడు పోవును. దాని బదులు చిన్నదైనను శ్రేష్ఠమైన పచ్చిక ముందుముందు వచ్చునని వాగ్దానము. యూనిట్లలో దాదాపు అన్నియు ఇండ్ల నడుమ స్థలముననే వాగ్దానము చేయబడినవి. పిల్లలు ఆడుకొను చోటను, కుక్కలను త్రిప్పు చోటను, నెలకు రెండుసార్లు యంత్రముతో గడ్డి కోయించు కాంట్రాక్టరు ఏలుబడిలోను పూలపచ్చిక ముప్పదియేండ్లు నిలుచునా యని ఎవ్వరును అడుగరైరి.

2024 చివర షెఫీల్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన పరిశీలన మరింత నగ్నసత్యమును బయటపెట్టినది. వారు లెక్కలను చదువుటతో తృప్తిపడక, ఇదివరలో అనుమతి పొంది పూర్తియైన 42 ఇండ్ల కాలనీలకు కాలినడకన పోయి, అనుమతి పత్రములలో వాగ్దానము చేసిన వస్తువులను వెదకిరి. పక్షులకును గబ్బిలములకును అమర్చెదమన్న పెట్టెలలో 75 శాతము లేవు. హెడ్జ్‌హాగ్ అను చిన్న ముండ్లజంతువు తోటనుండి తోటకు పోవుటకై కంచెలలో విడిచెదమన్న కంతలలో 83 శాతము లేవు. కంచెలో అరచేతి యెత్తు కంత వేయుటకు ఖర్చెంత? అయినను వేయలేదు, వచ్చి చూచువాడు లేడు గనుక. అవి కొత్త విధికి పూర్వపు అనుమతులే కావచ్చును గాని, చూడవలసిన కౌన్సిళ్లు అవే, ఆ కౌన్సిళ్లలో చాలినంత మంది ప్రకృతి నిపుణుల లేమియు అదే. ఏర్పాట్లు పూర్తిగా సిద్ధము కాకమునుపే పథకము ఆరంభమయ్యెనని 2024 మేలో జాతీయ ఆడిట్ కార్యాలయము సైతము హెచ్చరించినది.

ఇచ్చటనే సంరక్షణ ఒడంబడికకు తన విలువ కలుగుచున్నది. కౌన్సిలు న్యాయవాదుల బల్లపై 106వ సెక్షను కాగితము నెలల తరబడి కదలకపోవుట తఱచు. పైగా కౌన్సిలు తన భూమిలో తానే పచ్చిక పెంచదలచినచో, తనతో తానే ఒప్పందము చేసికొన వీలులేదు. బాధ్యతాసంస్థకు ఇదియే వృత్తి గావున పని చురుకుగా నడచుటకు అవకాశము కలదు. అయితే ఆ సంస్థయు ముప్పదియేండ్లు ఏటేట మనుషులను పంపి, మొక్కలు లెక్కించి, నివేదికలు చదివి, తప్పినవానిపై దావా వేయవలసినదే. దానికగు వ్యయమును ముందుగానే వసూలు చేయును. కౌలురైతు ఉన్నచో వాని సమ్మతియు, తాకట్టు ఉన్నచో బ్యాంకు సమ్మతియు తెమ్మనును. తొలి రోజులలో ఈ భారము నెత్తుకొనుటకు ముందుకు వచ్చిన సంస్థలు బహు కొద్ది. కొలుచువాడే రుసుము పుచ్చుకొనువాడగుట వలన, కఠినముగా కొలుచుటకు వానికి మనసు వచ్చునా యన్న సందేహమును న్యాయవేత్తలు వెలిబుచ్చిరి. అది సబబైన సందేహమే. ఈలోపల చిన్న స్థలములకు నియమమును సడలింపవలెనని 2025లో ప్రభుత్వమే ప్రతిపాదన తెచ్చుటచే, పచ్చిక విత్తనము కొని పొలము సిద్ధము చేసిన రైతులు, రేపు కొనువాడు ఉండునా యని ఆలోచనలో పడిరి.

చట్టమును నిదానముగా చదివినచో మరియొక సంగతి తెలియును. ఒడంబడికలో గడువు వ్రాయకయే విడిచినచో, స్వంతభూమి విషయమున అది శాశ్వతమగును. ఆచంద్రతారార్కమన్నమాట. అయినను యూనిట్లు అమ్ముటకు చట్టము కోరునది ముప్పదియే గావున, భూయజమానులు సామాన్యముగా ముప్పది యనియే వ్రాయుచున్నారు. పొలమును తాతల ఆస్తిగా ఎంచువారు మనుమనికి ఏమియు మిగులకుండ చేయుటకు ఇష్టపడరు, అందులో తప్పు పట్టుటకును లేదు. ఒడంబడిక పుట్టిననాడే గట్టున ఒక ఓక్ గింజ నాటినారనుకొందము. గడువు తీరి, కాగితములు మూటకట్టి, చూచువాడు రాకపోకలు మానిన యేట దానికి ముప్పది యేండ్లు నిండును. ఓక్ తొలికాపునకు వచ్చుట సామాన్యముగా నలువదవ యేటను.